ఊ కొట్టడం

హెబ్బాళ ఫ్లైఓవరు మీద లారీలు పలచబడే వేళ
రెండో అంతస్తు ల్యాబులో నేనూ, నా జెల్లూ, ఫ్రిజ్జు గురకా.
రెండు గాజుపలకల మధ్య అట్టముక్క మందాన జిగురు,
దాని గుండా దిగుతున్న ఆరెన్నే తునకలు.
పొడుగువి అడుగడుగునా ఆయాసపడతాయి.
పొట్టివి పరుగెత్తుతాయి.
మరీ పొట్టివి నీలిరంగు గీతని కూడా దాటిపోయి
కింది తొట్టి ఉప్పునీళ్లలో పడిపోతాయి.

గీత కింద ఉన్నదంతా చెత్త,
అని లాహిరి మేడమ్ మొదటి రోజే చెప్పారు.
నాలుగేళ్లుగా ఆ నీళ్లని
పసుపు డబ్బాల్లో పోసి, మూత బిగించి,
తేదీ రాసింది నేనే.

రెండుంబావుకి కరెంటు పోయింది.
జెనరేటర్లో డీజిలు లేదని వాచ్‌మన్ మునిరాజు
కన్నడంలో చెప్పి, నాది తెలుగని గుర్తొచ్చి
అదే మాట కోలారు తెలుగులో మళ్లీ చెప్పాడు.
స్టూలు మీదే నిద్రపోయాను.

తెల్లారి తీసిన బొమ్మలో
సగంలో ఆగిన పరుగు.
ఎడమ వరుస మామూలు బాక్టీరియాది. అడుగున ఏమీ లేదు.
కుడి వరుసలో, ఊడ్చే ఎంజైముని మేం తీసేసిన దానిలో,
నీలిగీత కింద ఒక మచ్చ,
తుడిచినా పోని కాటుకలా.

రెండక్షరాలు. మహా అయితే మూడో, నాలుగో.
ఏ ప్రోటీనుకీ చాలవు, ఏ మాటా కావు.
పాత ఆరెన్నేలు చిరిగి చిరిగి
చిక్కపేట దర్జీ కాళ్ల దగ్గర పోగుపడినట్టు
మిగిలిపోయిన పీలికలు.

పాలిమరేజుకి ఎవరి సాయమూ అక్కర్లేదని చదువుకున్నాను.
డీఎన్ఏ పేట విప్పుతుంది, మొదటి అక్షరం పక్కన రెండోది పేరుస్తుంది,
జారిపోతే మళ్లీ పేరుస్తుంది.
ఆ మొదటి ముడి ఎంత కష్టమో
థీసిస్ మొదటి వాక్యం పదకొండుసార్లు కొట్టేసిన నన్నడగండి.

ఫ్లాస్కులో తిండి అయిపోయి
ఇరుకులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
బాక్టీరియా పెరగడం మానేసిన ఆ గంటల్లో
ఈ పీలిక వచ్చి పాలిమరేజు ఒళ్లో కూర్చుంటుంది,
ముందే ముడిపడిన రెండక్షరాలతో.
ఇంక కానీ, అంటుంది.
కొన్ని జన్యువుల దగ్గర
కథ ఒక్క అక్షరం ముందునుంచి మొదలవుతుంది.
అలా పుట్టిన ఆరెన్నే నెత్తిన
మూడు ఫాస్ఫేట్ల కిరీటం ఉండదు.
అది అరువు తల.

ఇది నేను కనిపెట్టింది కాదు.
ఎక్కడో ఎవరో ముందే చూసి రాశారు,
చదివాను, పెన్సిల్‌తో గీత కూడా గీశాను.
నమ్మడానికి మాత్రం కరెంటు పోవాల్సొచ్చింది.

మదనపల్లె టమోటా మండీలో కాటా వేసి వేసి
రాత్రి పదింటికి వచ్చేవాడు మా ఓబులేశు మామ.
కథ చెప్పమంటే చెప్పడు.
చీకట్లో ఎవరో ఒకరం ముందే ఊఁ అనాలి.
కథ లేకుండా ఊ ఏంట్రా, అని నవ్వి,
అప్పుడు మొదలుపెట్టేవాడు.

మచ్చలో ఎక్కువగా ఉన్న అక్షరాలేవో
నెల తర్వాత తేలింది: యూ, యూ.
మన లిపిలో రాసుకుంటే, ఊ.
ఒక్కణ్ణే నవ్వాను.
ఏంటని అడిగారు లాహిరి మేడమ్.
ఊ కొట్టడాన్ని ఇంగ్లీషులోకి తేలేక
ఏం లేదన్నాను.

మునిరాజుకి చెప్పాను, తలుపు బయట, టీ తాగుతూ.
మా కన్నడంలోనూ ఉంది సార్, హూఁగుట్టోదు, అన్నాడు.
కాసేపాగి,
రెండక్షరాలదానికి పేరు కూడానా?
నానో ఆరెన్నే.
వేళ్ల మీద లెక్కపెట్టాడు.
పేరే పొడుగు సార్.

లోపల సీసపు అడ్డం వెనక పసుపు డబ్బాలు.
భాస్వరం పధ్నాలుగు రోజులకి సగమవుతుంది,
ఇంకో పధ్నాలుగుకి ఆ సగంలో సగం.
అన్నిటికన్నా పాతదాని దగ్గర గీగర్ పెట్టి చూశాను.
ఒకసారి టిక్కుమంది.
గోడదో, డబ్బాదో.