రాయి చెప్పిన మాట

గ్రానైట్ ఆఫీసులో రాత్రి పది దాటింది.
నేనూ, నా మానిటరూ,
తలుపు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ మాలకొండయ్య.
చీమకుర్తి క్వారీల్లో ఇరవైరెండేళ్లు డ్రిల్లు పట్టిన మనిషి.
ఎడమ చెవిని ఆ మోతకే ఇచ్చేసి
కుడి చెవితో బయటపడ్డాడు.

"పొద్దుట్నించీ ఆ పెట్టెలో ఏం జేస్తుండావమ్మే?"

ఎక్కణ్ణించి మొదలెట్టను?
తెరంతా గళ్లు, తాతా.
వరండాలో టైల్స్ పరిచినట్టు,
కాకపోతే ఇరవై లక్షల పైచిలుకు.
ఒక్కో గడికి మూడు అంకెలు:
ఎరుపెంత, పచ్చెంత, నీలమెంత.
మూడూ సున్నాలైతే నీ క్వారీలో అమావాస్య,
మూడూ నిండితే రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం.
ఇందులో నిజంగా గుండ్రటిదేదీ లేదు.
ఈ చెంబు చూడు,
సన్న సన్న ముక్కోణాలు అతికితే చెంబైంది.
వెలుతురు కూడా నేనే పెట్టుకోవాలి.
దీపం ఎక్కడో చెబితే చాలు,
కిరణం దేనికి తగిలి ఎటు మళ్లిందో
మిషను లెక్కగడుతూ కూచుంటుంది,
శనివారం సాయంత్రం మేస్త్రీలాగా.

ఇదెందుకు పనికొస్తుందని అడగలేదాయన.
అడిగితే చెప్పేదాన్ని:
మొన్న ఒంగోలు డాక్టరు
నీ ఊపిరితిత్తుల్ని పొరలు పొరలుగా విప్పి
దుమ్ము ఎక్కడ పేరుకుందో చూపించాడే,
అదీ ఈ విద్యే.
అడగలేదు కాబట్టి బతికిపోయాను.

ఇవాళ్టి పని ఒక వంటిల్లు.
నేను చూడని దేశంలో, ఇంకా కట్టని ఇంట్లో.
రాయి ఇంకా భూమిలోనే ఉంది,
గట్టు మీద నేనప్పుడే గిన్నెలు సర్దేశాను.

లేచొచ్చి వంగి చూశాడు.
"ఇది మన రాయి కాదు."

మన పలకేనయ్యా, నేనే ఫొటో తీశాను.

తెర మీద వేలు పెట్టాడు.
ఇక్కడ ఒక పెద్ద బంగారు చుక్క,
పక్కన మూడు చిన్నవి, నువ్వుగింజలంత.
జానెడవతల మళ్లీ అదే చుక్క, అవే మూడు.
ఇంకో జానెడుకి మళ్లీ.
"రాయి చెప్పిన మాట మళ్లీ చెప్పదమ్మే."

నిజమే. ఒక్క ముక్కనే
నలభైసార్లు పక్కపక్కన అతికించాను.
ఓనరు పట్టుకోలేదు. కొనేవాడూ పట్టుకోడు.

అయినా యార్డులోకి నడిచాం.
ఆయన తడి తువ్వాలుతో పలకలు తుడుస్తుంటే
టార్చి వేసి పదకొండు ఫొటోలు తీశాను.
అమ్ముడుపోని పాత బ్లాకు దగ్గర ఆగాడు.
అంచు పొడుగునా చీల్చిన గొట్టంలా డ్రిల్లు గాడి.
"ఇది నాదే."
ఎట్లా తెలుసో నేనడగలేదు.

ఆ ఫొటోలో గాడి వరకూ కత్తిరించేశాను.
వంటగట్టు అంచు నున్నగా ఉండాలి కదా.

ఇప్పుడు ఏ చుక్కా తిరిగి రావడం లేదు.
తెర మీద ఒక బూడిదరంగు గీత మాత్రం
ఏ లేయర్లో వెతికినా దొరకలేదు,
అన్‌డూ కొట్టినా పోలేదు.
ఆయన వేలిది.

నలభై ఒక్క శాతం. ఇంకా నడుస్తోంది.
మాలకొండయ్య కుర్చీలోనే నిద్రపోయాడు,
కుడి చెవి పైకి పెట్టి.