గాలపు కర్ర

కూబర్ పీడీలో మా ఇంటికి కిటికీలు లేవు.
కొండను తొలిచిన నాలుగు గదులు,
గాలి కోసం పైకి ఒక గొట్టం.
ఇరవై అడుగుల ఇసుకరాయి కింద
రేడియో పెడితే
వినబడేది దాని సొంత ఊపిరే.

మందుల షాపు మూసొచ్చిన సాయంత్రాలు
కరెంటు బిల్లు వెనకవైపు లెక్కలు వేశాను.
డెబ్బై అయిదుని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే
పావు అల, మీటర్లలో.
ఆరుకి పన్నెండున్నర.
తొమ్మిదిన్నరకి ఎనిమిదికి కాస్త తక్కువ.
పదిహేనుకి సరిగ్గా అయిదు.
నాకు దొరికిన ఎత్తు ఆ అయిదే.
చాలని పొడవునంతా
కాయిల్లో దాచాలి,
ఆరు గజాల చీర కుచ్చిళ్ళలో దాగినట్టు.

కర్ర ఇచ్చింది పక్క గుహ ఫ్రానె.
ఫైబర్‌గాజుది, చేపలు పట్టేది,
ఒకదాంట్లోంచి ఒకటి లాగితే అయిదు మీటర్లు.
ఎనభై రెండులో కొన్నాడట,
మంచి ఓపల్ ఒక్కటి తగిలితే
సముద్రం ఒడ్డుకి మకాం మార్చేద్దామని.
ఉప్పునీళ్ళు ఇక్కడికి అయిదువందల నలభై కిలోమీటర్లు.
కర్ర చివర దారపు రింగుకి
దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు
కాయిల్ చుట్టి చూడలేదు.
పాత మోటారు విప్పి తీసిన రాగితీగ,
మోకాళ్ళ మధ్య ప్లాస్టిక్ గొట్టం,
నలభై మూడో చుట్టు దగ్గర తుమ్మొచ్చింది.
ఆ రోజుకి అంతే.
మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి.
ఎనిమిది చుట్లకోసారి పూత గీకి
ఒక్కో చెవి మెలిపెట్టాను.
మొసలి క్లిప్పు ఏ చెవిని కరిస్తే ఆ బ్యాండు.

కర్ర సగం యాంటెన్నాయే. మిగతా సగం నేల.
ఈ నేల ఆ మాట ఒప్పుకోదు.
నాలుగు వైపులా తీగలు పరిచాను,
సమ్మెటతో రాగి కడ్డీ దించాను,
అయినా ఎండిన రాయి ఎండిన రాయే.
అంట్లు కడిగిన నీళ్ళు పోశాను.
ఫ్రానె తన టీ అడుగు కూడా వంపాడు,
"ఈ ఊళ్ళో చెట్టుకి కూడా ఇంత మర్యాద లేదు" అంటూ.

రాత్రి నేను కొండ మీద, టార్చి పళ్ళ మధ్య.
ఫ్రానె కింద, రేడియో ముందు.
మా ఇద్దరికీ టెలిఫోను ఆ గాలిగొట్టమే.
మొదటి చెవి. "చైనా!" అని అరిచాడు.
రెండోది. "ఎవడో వెల్డింగ్ చేస్తున్నాడు!"
మూడోది. ఉత్తరాన ఎక్కడో ఉరుములు,
నూనెలో ఆవాలు పడ్డట్టు, అది నాకూ వినబడింది.
నాలుగోది.
గొట్టంలో చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, కొంచెం సిగ్గుగా,
"బాతు. బాతు మాట్లాడుతోంది."

పరుగున దిగాను.
సైడ్‌బ్యాండ్ నాబు వెంట్రుకవాసి తిప్పితే
బాతు మనిషయింది.
దక్షిణ తీరపు పడవలకి హెచ్చరిక:
నైరుతి గాలి పాతిక నాట్లు,
అలలు మూడున్నర మీటర్లు,
తెల్లారేలోగా ఇంకా పెరుగుతాయి.

ఫ్రానె గ్లాసు కింద పెట్టాడు.
"తాళ్ళు రెండేసి కట్టాలి" అన్నాడు,
ముందు తన భాషలో, తర్వాత నాకోసం.
గొంతు సన్నగిల్లింది.
వెనక స్క్రూ మీద అతని బొటనవేలు తగిలేసరికి
తిరిగి పైకి లేచింది.
తీస్తే మునుగుతుంది, పెడితే తేలుతుంది.
తియ్యలేదు.
బులెటిన్ అయిపోయేదాకా
తీరం తర్వాత తీరం,
డెబ్బై ఆరేళ్ళ వేలు
అలా ఆనించి కూర్చున్నాడు.

పొద్దున పైకెళ్ళి
గట్టిపడిన బురద మీద మళ్ళీ నీళ్ళు పోసి
నాలుగో చెవి పక్కన పెన్నుతో రాశాను:
ఎనిమిది మెగాహెర్ట్జ్.
ముప్పై రెండు చుట్లు, ఒక బొటనవేలు.
చీటీ మాత్రం అతను తెంపనివ్వలేదు.
గాలికి అది కొట్టుకుంటే
రేడియోలో టిక్కుమంటుంది.