చీమకుర్తి, రాత్రి షిఫ్టు

క్రషర్ ఆగింది. చెవుల్లో మాత్రం ఇంకా తిరుగుతోంది.
మస్తాను క్యారేజీ విప్పాడు:
జొన్నరొట్టె, నిన్నటి గోంగూర, చితక్కొట్టిన ఉల్లిపాయ.

కుడి దవడన రెండు పళ్ళు లేవు.
ఎడమ పక్కనే నములుతాడు
రొట్టె తియ్యగా మారేదాకా.
నాకంత ఓపికేది? రెండు కొరుకుల్లో మింగబోయి
పొలమారింది, కళ్ళనిండా నీళ్ళు.

"నాలిక దాటేదాకే మన పెత్తనం, అబ్బయా!
ఆనక ఆ ముద్ద మన మాట ఇనదు.
తలకిందులుగా యాలాడదీసినా
పొట్టకాడికే పోద్ది."

నీళ్ళు తాగా. ముందు దుమ్ము రుచి,
తర్వాతే నీళ్ళది.
క్వారీ అడుగున నల్లరాయి
లైటుకి మినుకుమంటోంది.

కడుపులో గుడగుడ.
లోపల ఎవరో డ్యూటీ ఎక్కారు.
సైరను లేదు, హాజరు పుస్తకం లేదు,
నేను నిద్రపోయినా
కొంచెం కొంచెంగా నెడుతూనే ఉంటారు.

మస్తాను వేళ్ళు నాక్కుని
స్విచ్చి నొక్కాడు.