ఆఖరి రీలు

పాలపళ్ళ పెద్దమ్మని మళ్ళీ తీస్తారట.

కబురు పర్లాకిమిడికి పొద్దున్నే వచ్చింది,
పాతపట్నం మొదటి ఆటోలో
మునక్కాడల కట్టల మధ్య ఇరుక్కుని.

"ఏటి, ఆ ముసిల్దాన్నా?" అన్నాడు కూర్మయ్య
టీ గ్లాసు కడగడం ఆపి.
"ఈసారి దానికి చిన్నతనం పెడతారట.
సవితితల్లి వాతలెట్టిందట, అందుకే అలగైపోనాదట."
"వాతలు తిన్న పిల్లలందరూ
పెంకుల మీద పాకీసి పళ్ళేరుకుంటారేటి?"

దానికి కారణం లేదు. అదే దాని భయం.
ఊడిన పన్ను పేడలో చుట్టి ఇంటి మీదకి విసిరితే
రాత్రి పెంకులు కదిలేవి.
పన్ను దొరికితే పిల్ల దొరికినట్టే.
మెడలో దండ. అది నడుస్తుంటే
దండ గలగలమనదు, నవ్వుతుంది,
వందమంది పిల్లల నవ్వు.

కైలాస్ మహారాణా కొడుకు కొట్టు మూసి మరీ వచ్చాడు.
ఆ బొమ్మ దవడ వాళ్ళ నాన్న చేసిందే,
గేదెకొమ్ము కాచి వంచి
కొంగల్నీ రొయ్యల్నీ చేసే చేత్తో.
"ఇప్పుడంతా కంప్యూటర్లో గీస్తారట.
కొమ్ము కాలిన వాసన దానికేం తెలుసు?"
వాసన తెర మీదకి రాదని
అక్కడెవరూ అనలేదు.

ఇంటరు చదివే గుంటలు మాత్రం
"బావుంటాది మావా, త్రీడీలో పళ్ళొచ్చి మీద పడతాయి" అన్నారు.
వాళ్ళకి బెంచీ మీద చోటివ్వలేదు కూర్మయ్య.

భానోజీ మేష్టారి తమ్ముడు ఆ సినిమా చూసి
ఏడాదిపాటు నోరు తెరిచి నవ్వలేదు.
"పిల్లల్ని అంత భయపెట్టకూడదు" అన్నారాయన.
కొంచెం ఆగి,
"మరీ తక్కువా పనికిరాదు" అని
చిల్లర బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

సనాతన్‌కి అప్పుడు తెలుగు రాదు.
నా పక్కనే నేల టిక్కెట్టు.
మాట అర్థంకాక మాకంటే ఎక్కువ జడుసుకున్నాడు.
ఏం అడుగుతోందిరా అది, అంటే
నాకొచ్చిన ఒడియాలో "దాంతొ" అన్నాను, పన్ను.
వాడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.
నిన్న రాయగడ నుంచి ఫోను, శుభ్రమైన తెలుగులో తిడుతూ:
"ఏం మార్చుకున్నా సరే. ఆఖరు ముట్టుకుంటే ఊరుకోను."

ఏ ఆఖరు, సనాతన్?

ఒకటే పెట్టె రెండు ఊళ్ళకి.
పాతపట్నంలో ఆడిన రీలు ఆడినట్టే
దండాసి సైకిలెక్కి సరిహద్దు దాటి మనకొచ్చేది.
ఆంధ్రాలో అక్క నిచ్చెనెక్కేసినా
ఒడిశాలో ఇంకా వెతుక్కుంటూ ఉండేది.
ఆ రాత్రి వాన. మహేంద్రతనయ రోడ్డెక్కింది.
అక్క పెంకులన్నీ పాకి తమ్ముణ్ణి చూసింది,
వాడు వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు,
పిలిచింది,
తల తిప్పుతున్నాడు

తెల్లతెర.

ఎవరూ ఈల వెయ్యలేదు.
తడి గొడుగుల వాసనలో గంటసేపు కూర్చున్నాం.
గేటుకీపరు లైట్లు వేసి
"ఇంతే. బేగి పొండి" అన్నాడు.
వాన తగ్గేసరికి పెట్టె టెక్కలి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి తలా ఒక ఆఖరు ఈ ఊళ్ళో.
కూర్మయ్యకి తమ్ముడు దొరికాడు.
మహారాణా కొడుక్కి ఆ తమ్ముడే కొత్త పెద్దమ్మ.
సనాతన్ తనదేమిటో ఎప్పుడూ చెప్పలేదు.
నాకు వాడింకా తిప్పుతూనే ఉన్నాడు తల,
ముప్ఫై ఒక్కేళ్ళుగా. చెవి దాకా వచ్చింది.

ఇప్పుడు ఫోన్లో మొత్తం దొరుకుతుంది.
చూశానని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

రాత్రి మా హిమజకి పెట్టాను.
"నాన్నా, దవడకి తీగ కనబడిపోతోంది" అని నవ్వింది.
అక్క పిలిచేదాకా చూపించి ఆపేశాను.
తెర కింద గీత ఇంకా వేలెడు మిగిలే ఉంది.
తర్వాతేమైందని అది అడగలేదు.
ఊగుతున్న పన్నుని నాలుకతో తోస్తూ
"మనది స్లాబు కదా" అంది.

అవునమ్మా, స్లాబే.

అది నిద్రపోయాక లేచి వెళ్ళి
మేడ తలుపు గడియ పెట్టి వచ్చాను.