పండ్లు

ఆమె పేరు అనెకె.
పిల్లల నోట్లె పడి రెండు దినాలకే
అన్నక్క అయింది.
అన్ననో అక్కనో తేల్చకుండనే
ఇరవై రెండేండ్లు పిలిచినం.

చండూరు బస్సు దిగిన పొద్దు
ఒక చేతుల సూట్‌కేసు, ఒక చేతుల నీళ్ళ ఫిల్టరు.
దొరసాని అనుకొని లేచి నిలబడ్డ.
ఆమె వచ్చి నా పొయ్యి ముందట గొంతుక్కూసున్నది.
పొగకు కండ్లల్ల నీళ్ళు కారుతుంటె
"బాగున్నది, బాగున్నది" అన్నది.
తెలుగుల ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

వాళ్ళ దేశంల నేల కన్న సముద్రం మీదికుంటదట.
గాలిమరలు పెట్టి నీళ్ళను బయటికి తోడిపోస్తరట.
నేను బిందె దించి నవ్విన.
"ఆ తోడినయి ఇటు పంపరాదు బిడ్డా,
దేవరకొండ దాంక వచ్చినా చాలు, మేం పోయి తెచ్చుకుంటం."
ఆ మాట వాళ్ళమ్మకు రాసింది.
వాళ్ళమ్మ జవాబు రాసింది:
"పంపుతున్న, బిందె గట్టిగ పట్టుకోమను."
ఎన్నడు చూడని ముసలామె
గప్పటిసంది నాకు చుట్టమైంది.

మొదటి సాలు, మూడో తరగతిల
సైదమ్మ ఏడుస్తుంటె ఎందుకని అడిగింది.
"అక్కా, నా పండ్లు పచ్చగైనయి."
అన్నక్క సంబరపడ్డది.
"మంచిదే గదా! మాగినయా? అందరికీ పంచు!"

తరగతంత గొల్లున నవ్వింది.
నవ్వుతనే, ఎవ్వరు చెప్పకున్నా,
అందరు ఒక్కసారే
అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నరు.

గప్పుడు చూసింది ఆమె.

పొద్దుమూకినంక వంటింట్ల కూసొని
నన్ను నోరు తెరువమన్నది. తెరిచిన.
వాకిట్ల మంచంల మా నాయిన నడుము చూపిచ్చిన,
విల్లు లెక్క.
బోరు నీళ్ళు ముంచి చూపిచ్చిన,
అద్దం లెక్క.
ఏం మాట్లాడలె. జొన్నరొట్టె తునక తొక్కుల అద్దుకొని
తినుడు మరిచి అట్లనే పట్టుకున్నది.

తెల్లారేసరికి ఆమె ఫిల్టరు
పిల్లలు బువ్వ తినేకాడ ఉన్నది.
అరవై మందికి ఒక్క నల్లా.
అది మట్టినే ఆపుతది గాని ఆ రోగాన్ని ఆపదని
ఎన్నో ఏండ్లకు నల్లగొండ సార్లు వచ్చి చెప్పిన్రు.
అప్పటికి ఆమె గూడ
మా బోరు నీళ్ళే తాగుతున్నది.

కొట్లాడినం గూడ.
నా కొడుక్కు రెండు గుడ్లు పెట్టిన్నని
మూడు దినాలు నాతోని మాట్లాడలె.
నాలుగోనాడు తన గుడ్డు తెచ్చి వాని పళ్ళెంల పెట్టింది.
నేను ఇంక రెండు దినాలు మాట్లాడలె.

బాప్తిస్మం నాడు పాస్టరు నా పేరు మారుస్తనన్నడు.
"ఈదమ్మకు ఏం తక్కువ?" అని ఆమె అడ్డం పడ్డది.
అది ఊరి దేవత పేరని ఆమెకు తెల్వదు.
తర్వాత చెప్తె
హుసేన్‌బీ ఉద్దెరకు తొడిగిన గాజులన్ని మోగేటట్లు నవ్వింది.
"తెలిసినా గదే అందును."

సాలుకొక్క ఫొటో దిగెటోళ్ళం.
"నవ్వున్రి" అంటడు ఫొటో ఆయన.
పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుందురు.
తియ్యున్రి అని ఆమె ఒక్కనాడు అనలె.
తనూ పెట్టుకున్నది.
ఆ ఫొటోలల్ల ఎవరి పండ్లు తెల్లనివో
ఎంత చూసినా తెల్వదు.

ఆఖరికి ఆమె మోకాళ్ళు వంగకపోయినయి.
చర్చిల అందరు మోకరిస్తె
ఎనక బెంచీ మీద మేమిద్దరమే, కట్టెలెక్క.
"దేవుడు ఏమనుకుంటడో" అన్న.
"ఇన్నేండ్లసంది మనూర్లనే ఉంటుండు గదా ఈదమ్మా,
ఆయన మోకాళ్ళు గూడ వంగుతలేవేమో."

ఇప్పుడు నల్లా తిప్పితె కృష్ణ నీళ్ళు.
సైదమ్మ మనుమరాలు నోరంత తెరిచి నవ్వుతది,
సిగ్గులేని పోరి.
ఫొటో తీపిచ్చి ఎనక నా కొడుకుతోని రాపిచ్చిన:
అన్నక్కా, పండ్లు ఈసారి పచ్చగైతలేవు.

పోస్టుల ఏసి నాలుగు నెలలైంది.
నీళ్ళ అవతలి దేశం,
చేరెటానికి దినాలు పడ్తయి.