పదకొండో సంచి

అంబత్తూరులో మా లాబ్ రెండో అంతస్తు.
బల్ల మీద పద్నాలుగు సంచుల ఏరు.
కొండ దగ్గర తీసింది ఒకటి, ఎన్నూరు ఉప్పుటేటిది పద్నాలుగు.
మిగతావి లెక్కపెడితే ఇది పదకొండు.
చీటీ తడిసింది. సిరా మిగిలింది, చోటు పోయింది.
వరసలో కట్టలేదని డ్రైవర్ మునిరత్నం ముందే ఒప్పుకున్నాడు.

"జల్లెడ పట్టు, అదే చెబుతుంది" అన్నాడు కన్నియప్పన్,
ముప్పై ఏళ్ళుగా మట్టి తూచినవాడు,
ఇంట్లో బియ్యం మాత్రం ఎప్పుడూ తూచనివాడు.

ఒకటో సంచి జల్లెడ దాకా రాదు.
అన్నీ రాళ్ళు. కోణాలకి ఇంకా కోపం తగ్గలేదు.
అక్కడ ఏరు నడవదు, మెట్లు దిగుతుంది,
రెండు బండల మధ్య ఒళ్ళు కుదించుకుని.
నాలుగో సంచికి అంచులు అరిగాయి.
ఐదు, ఆరు ఎర్రిసుక, గుప్పిట పడితే గరగర.
లోయ వెడల్పైంది, నీళ్ళు పలచబడ్డాయి,
ఏ దారో తేల్చుకోలేక పాయలై విడి, మళ్ళీ కలిసి,
తాను వేసిన మేట చుట్టూ తానే తిరుగుతుంది.

ఏడోది పూండి జలాశయం అడుగు.
ఇన్నాళ్ళు మోసుకొచ్చినదంతా ఒక్కసారి
కింద పెట్టేసి కూర్చున్నట్టు, మెత్తన.
ఆనకట్ట దిగిన నీటికి చేతిలో బరువు లేదు,
ఆకలికి గట్లు కొరుకుతుంది.
ఎనిమిదో సంచిలో ఉన్నది ఆ కొరికిన మట్టే.

ఒండ్రో బంకమట్టో తేలనప్పుడు
కన్నియప్పన్ రవ్వంత పంటి కింద పెట్టుకుంటాడు.
కరకరమంటే ఒండ్రు, వెన్నలా జారితే బంక.
నాకూ అలాగే నేర్పాడు.
పద్నాలుగోది మాత్రం నోటి దాకా రానివ్వడు.
సూక్ష్మదర్శినిలో అవి గుండ్రటి గాజు పూసలు.
ఏ ఏరూ అంత గుండ్రంగా అరగదీయలేదు,
అది కొలిమి చేసిన గింజ, బూడిద.
అక్కడ వట్టి చేతులతో రొయ్యలు తడిమే చెంగేణి
మునుపు మడమకి ఇసుక తగిలేదంది.
ఇప్పుడు మోకాలి దాకా దిగినా ఏమీ తగలదట.

పైన కుశస్థలి అంటారు, ఇక్కడికొచ్చేసరికి కొసస్తలై.
పేరు కూడా దొర్లి దొర్లి అరిగింది.
కొస అంటే చివర అని
తెలుగు చెవికి మాత్రమే వినబడుతుంది.

పది నిమిషాలు ఊగి జల్లెడలు ఆగాయి.
పదకొండో సంచి: పైదాంట్లో ఎర్రిసుక, మొరటుగా, కోణాలతో సహా.
అడుగు పళ్ళెంలో బూడిద.
మధ్యలో నాలుగు జల్లెడలు ఖాళీ.
ఏరు ఇలా కలపదు.
బరువు చూసి దించుతూ వస్తుంది,
రాయిని ముందు, ఇసుకను తర్వాత,
చివరికి ఎవరికీ అక్కర్లేని పొడిని.
ఐదో సంచీ పద్నాలుగో సంచీ
ఒక్క గుప్పిట్లోకి ఎలా వచ్చాయి?

కన్నియప్పన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"లారీ" అన్నాడు.

ఉప్పుటేటి ఒడ్డున వంతెన పునాది. అక్కడ ఒలికిన ఇసుక.
నేను తల తిప్పి గోడ చూశాను.
త్రాసు వెనక సున్నం ఊడిన చోట అవే ఎర్ర గింజలు.
ఏటి నడుము ఇక్కడ నిలువుగా నిలబడి ఉంది,
మెట్లుగా, బాల్కనీలుగా, ఎదురింటి మూడో అంతస్తుగా.
పటంలో ఈ ఊరిని మేటగా ఎవరూ గీయలేదు.

తూకం: ముందు ఐదొందలు. ఇప్పుడు నాలుగొందల తొంభై ఏడు.
మూడు గ్రాములు నష్టం గడిలో రాశాను.
చోటు అనే గడి ఖాళీగానే ఉంది.

చేతులు కడుక్కుంటున్నాను.
గోళ్ళలోంచి జారిన బూడిద
నీళ్ళతో పాటు ముందే వెళ్ళిపోయింది.
ఎర్ర గింజలు నాలుగు
సింకు వంపు దగ్గర ఆగాయి.
కుళాయి ఇంకొంచెం తిప్పాను.
రెండు కదిలాయి.