కళాయి పూత

సరయేవోలో ఓ హోటల్, మూడో అంతస్తు.
గాజు గదిలో జుమ్రా.
చెవులకు తగిలించుకున్న యంత్రంలో
ఎవరో యుద్ధానికి కారణాలు చెబుతుంటే
మూడు మాటలు వెనగ్గా నడుస్తూ
తన భాషలోకి దింపుతోంది.
దుబాసీకి సొంత 'నేను' ఉండదు.
ప్రొఫెసర్ 'నేననుకోవడం' అంటే
ఆమె కూడా 'నేననుకోవడం' అనాల్సిందే.

పొద్దుట్నుంచీ చాలా అనుకుంది.
పనిలేని కుర్రాళ్లు ఊళ్లో ఎక్కువైతే వస్తుందనుకుంది.
తక్కెడ పళ్లేలు సమంగా లేకపోతే వస్తుందని,
కాఫీ విరామం తర్వాత
సమంగా ఉంటేనే వస్తుందని.
నది మలుపు తిరిగేచోట
పటంలోనే రాసిపెట్టి ఉంటుందని కూడా.
ఇచ్చిపుచ్చుకోవడాలున్న ఇళ్ల మధ్య
తుపాకీ పేలదని
ఒక ముసలాయన మెత్తగా అన్నప్పుడు మాత్రం
అరక్షణం గొంతు ఆగింది.

దోబోయ్ దగ్గర వాళ్ల ఊళ్లో
ఆ బుధవారం దాకా నాన్న గుడ్లమ్మాడు,
గురువారం తమ మీద గురిపెట్టినవాళ్లకే.
చిల్లర లేదంటే
రేపివ్వండి పరవాలేదన్నాడు.

అంతకు ముందటి ఆగస్టులో
పక్కింటి పెర్సిదా
ఆల్‌బుకారా పాకం కాచుకోవడానికి
రాగి కాగు పట్టుకెళ్లింది.
నలభై లీటర్ల కాగు, అమ్మ పుట్టింటిది.
ఏటా పట్టుకెళ్లేది. వారం తిరక్కుండా
గిన్నెడు పాకంతో సహా తెచ్చిచ్చేది.
ఆ ఏడు తేలేదు.
అమ్మ అడగలేదు.
అడగొచ్చు, కంచెకి అవతలే.
అయినా అడగలేదు.

ఈ సంగతి ఏ పత్రంలోనూ లేదు.
జుమ్రా పాదసూచికల్లో కూడా వెతికింది.

వాళ్ల భాషలో
'మనం' అన్నా 'మేం' అన్నా ఒకటే మాట: మి.
(నా చెవికది 'మీ'లా వినబడుతుంది.)
అందుకే ఏ రోజున అందులోంచి
పక్కింటివాళ్లు జారిపోయారో
ఎవరికీ తెలియలేదు.
నా తెలుగులో రెండు మాటలున్నాయి.
ఉండి మాత్రం,
మనమేం తక్కువ తిన్నామని.

ఓస్లో నుంచొచ్చిన ఎయిలిఫ్ అనే కుర్రాడు
వరండాలో పట్టుకున్నాడామెని:
మీరు కళ్లారా చూశారు కదా,
అసలు కారణం ఏమంటారు?
చక్కెర ముక్క కాఫీలో ముంచి కొరికి
అంది:
నాకు డబ్బులిచ్చేది
వాళ్లన్నది అన్నందుకు, బాబూ.

పదేళ్లకి ఇంటికి తిరిగొస్తే పైకప్పు లేదు.
తలుపు లేని గుమ్మంలో
రాగి కాగు.
బూడిదతో తోమి,
లోపల కొత్తగా కళాయి పూయించి.
(ఆ మాట వాళ్లకీ కలాయే.
ఏ బిడారు మోసిందో, ఇద్దరికీ దింపి పోయింది.)
చీటీ లేదు. మనిషి లేదు.
కంచెకవతల కర్టెన్ కదిలి ఆగింది.

ఇప్పుడు ప్రతి సెప్టెంబరూ
ఇద్దరూ కలిసి కాస్తారు.
ఆరు గంటలు. ఒక్కరివల్ల కాదు, చెయ్యి ఆగితే అడుగంటుతుంది.
మాటలుండవు. గరిటె చేతులు మారుతుంది.

తమ్ముడు మెవ్లుదిన్ ఎక్కడున్నాడో
(ఎముకలకి 'ఉన్నాడు' అనే మాట చెల్లితే)
పెర్సిదా మొగుడికి తెలుసని ఊరంతా అంటారు.
అతను మొన్న ఫిబ్రవరిలో పోయాడు.
ఆమెకి చెప్పి పోయాడో, లేదో.
గరిటె అందుకునేటప్పుడు
రెండు చేతుల మధ్య అది
ఉండాల్సినకంటే కాస్త ఎక్కువసేపే ఉంటుంది.

ఆఖరి సభ, శాంతికున్న అవకాశాలు.
ఏదో శాతం చెప్పారు.
జుమ్రా అంకెలు తప్పదు,
దశాంశంతో సహా చెప్పింది.
చివర్న అధ్యక్షుడు లేచి
గాజు గది వైపు తిరిగి
దుబాసీలకు కృతజ్ఞతలన్నాడు.
అదీ ఆమే అనువదించింది,
తనకి తను,
మూడు మాటలు వెనగ్గా.

ఎర్రదీపం ఆర్పి
చెవులు రుద్దుకుంది.
శనివారం పళ్లు కోయాలి.
ఈసారి అడగాలి.
అడిగేదేదో
కలపడం ఆపకుండా అడగాలి.
దోబోయ్ బస్సు ఐదుంబావుకి.